నియామకం ఒక అమానతు: అర్హతా, స్త్రీపురుష భేదమూ

ఒక మనిషిని జీతానికి పెట్టుకొనే విషయమై ఒక కుటుంబంలో జరిగిన సంభాషణ దివ్య ఖుర్ఆన్‌లో ఉన్నది. అల్ ఖసస్ సూరా 23వ ఆయత్ మొదలు ఆ ఉదంతం సాగుతుంది. ఫిరౌను మనుష్యుల చేతికి చిక్కకుండా ఈజిప్టు విడిచి వచ్చిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్‌లోని నీటి తావుకు చేరుకొంటారు. అక్కడ కాపరులు గుంపుగా చేరి పశువులకు నీళ్ళు పెట్టుకొంటున్నారు. వారికి ఎడంగా ఇద్దరు స్త్రీలు తమ మందను ముందుకు పోనీయకుండా ఆపి నిలబడి ఉన్నారు. సంగతేమిటని ఆయన అడిగారు. తండ్రి బాగా ముసలివాడనీ, ఆ కాపరులు మరలిపోయేదాకా తమకు వంతు రాదనీ వారు చెప్పారు. హజ్రత్ మూసా వారి మందకు నీళ్ళు పెట్టి, నీడకు పోయి కూర్చున్నారు. తర్వాత తండ్రి పిలిపించగా ఆయన ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ ఇద్దరిలో ఒకామె తండ్రికి ఒక సలహా చెప్పింది. ఇతనిని పనికి పెట్టుకోవలసిందనీ, పనికి పెట్టుకోదగినవారిలో బలవంతుడూ నమ్మకస్తుడూ అయినవాడే మేలనీ ఆమె అన్నది.

ఉద్యోగ నియామకాలను గూర్చి ఇస్లామీయ ధర్మవేత్తలు మూలసూత్రంగా గ్రహించినది ఈ రెండు గుణాలనే. ఒకటి ఖువ్వత్, అనగా ఆ పని చేయగల సామర్థ్యం. రెండవది అమానత్, అనగా ఆ పనిలో నమ్మకం. కొన్ని తఫ్సీర్లలో మరొక వివరం కూడా ఉన్నది. ఈ రెండు గుణాలూ అతనిలో ఉన్నట్టు నీకెలా తెలిసిందని తండ్రి ప్రశ్నించగా, అనేకమంది కలిసి ఎత్తవలసిన రాతిని అతను ఒక్కడే ఎత్తడం చూశాననీ, దారిలో తనను వెనుక నడవమని చెప్పి తాను ముందు నడిచాడనీ ఆమె బదులిచ్చినదట. ఎంపిక ఊహ మీద గాక, కళ్ళతో చూసిన ఆధారం మీద జరిగినదన్నమాట.

ఈ ఉదంతంలో సాధారణంగా ఎవరూ నిలిచి చూడని సంగతి ఒకటి ఉన్నది. నియామకానికి కొలమానం ఏమిటో చెప్పినది ఒక స్త్రీ. అదీ ఇంటిపట్టున కూర్చుని చెప్పినది కాదు. అవసరం పడి బయటికి వచ్చి, మందను కాచి, పనిలోని కష్టసుఖాలు ఎరిగిన మనిషి చెప్పినది. హజ్రత్ మూసా కూడా వారిని చూసి, ఆడవారు బావి దగ్గరకు ఎందుకు వచ్చారని మందలించి పంపివేయలేదు. వారికి అడ్డమై ఉన్న ఇబ్బంది ఏదో దానిని తొలగించారు.

ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కేంద్రాలుగా కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పటినుంచి ఈ మూడు పట్టణాల ముస్లిం కుటుంబాలలో ఇదివరకు లేని ప్రశ్నలు తలెత్తుతున్నాయి. కలెక్టరు కార్యాలయాలు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లోనూ, జనగామ, భూపాలపల్లిలలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. మైనారిటీ గురుకుల పాఠశాలలు 2016 నుంచి నడుస్తున్నాయి. ఉద్యోగాలు ఇంటికి దగ్గరగా వచ్చాయి, చదువుకొన్న అమ్మాయిలూ ఉన్నారు. అయినా ఒకవైపు ఇంటి పెద్ద సందేహిస్తాడు, మరొకవైపు యజమాని సందేహిస్తాడు. ఇద్దరూ ధర్మం పేరే చెబుతారు. ఆ ధర్మం నిజానికి ఏమంటున్నదో చూడవలసి ఉన్నది.

అమానతును హక్కుదారుకు అప్పగించడం

అన్నిసా సూరా 58వ ఆయత్‌లో అల్లాహ్ అమానతులను వాటికి అర్హులైనవారికి అప్పగించమని ఆదేశించాడు. మక్కా విజయం నాడు, అనగా హిజ్రీ 8వ సంవత్సరంలో, కాబా తాళపుచెవి సందర్భంగా ఈ ఆయత్ అవతరించినదని పలువురు ముఫస్సిర్లు వ్రాశారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) ఆ తాళపుచెవిని తమకు ఇప్పించమని కోరగా, ప్రవక్త దానిని అప్పటివరకు ఆ బాధ్యత వహిస్తూ వచ్చిన ఉస్మాన్ బిన్ తల్హాకే తిరిగి ఇచ్చివేశారు. స్వంత పినతండ్రి కోరిక కూడా అక్కడ చెల్లలేదు.

పదమూడు, పద్నాలుగు శతాబ్దాలలో జీవించిన ఇమామ్ ఇబ్నె తైమియా తన రాజనీతి గ్రంథాన్ని ఈ ఆయత్ తోనే ప్రారంభించారు. ఒక పదవికి అందరికంటే తగినవానిని విడిచి బంధుత్వం వల్లగాని, స్నేహం వల్లగాని, ఒకే ఊరివాడనిగాని, ఒకే మజ్‌హబ్ వాడనిగాని, అరబ్బనీ పారశీకుడనీ తురుష్కుడనీ జాతి చూసిగాని, లంచం పుచ్చుకొనిగాని, తగినవానిపై ఉన్న పగ వల్లగాని మరొకరిని నియమించినవాడు అల్లాహ్‌కూ, ప్రవక్తకూ, విశ్వాసులకూ ద్రోహం చేసినవాడవుతాడని ఆయన సారాంశం. సామర్థ్యం, నమ్మకం రెండూ ఒకే మనిషిలో దొరకడం అరుదనీ, కాబట్టి పదవిని బట్టి ఏది ముఖ్యమో చూడాలనీ కూడా ఆయన అన్నారు. యుద్ధానికి ధైర్యశాలి కావాలి, ధనాగారానికి నమ్మకస్తుడు కావాలి. హజ్రత్ అబూజర్ (రజి) ఎంత సత్యసంధుడైనా, పరిపాలనా పదవి అడిగినప్పుడు ప్రవక్త ఆయనకు దానిని ఇవ్వలేదు. ఆ పనికి ఆయన బలహీనుడనీ, అది అమానతు అనీ చెప్పారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. పుణ్యాత్ముడు కావడం ఒకటి, ఫలానా ఉద్యోగానికి తగినవాడు కావడం మరొకటి. సిఫారసులతో వచ్చేవారు చాలమంది ఈ తేడాను మరచిపోతూ ఉంటారు.

ఇబ్నె తైమియా స్త్రీల ఉద్యోగాలను దృష్టిలో ఉంచుకొని ఆ మాటలు వ్రాయలేదన్న సంగతి ఒప్పుకోవలసిందే. ఆయన కాలంలో ఆ ప్రశ్న ఈ రూపంలో లేదు. రాజ్యాధికారమూ న్యాయాధికారమూ స్త్రీలకు ఇవ్వవచ్చునా అన్న విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. న్యాయాధికారాన్ని మాలికీ, షాఫియీ, హంబలీ మజ్‌హబులు అంగీకరించలేదు. స్త్రీ సాక్ష్యం చెల్లే వ్యవహారాలలో ఆమె తీర్పు కూడా చెల్లుతుందని హనఫీ మజ్‌హబ్ చెప్పినది. ఇమామ్ తబరీ అన్ని వ్యవహారాలలోనూ అనుమతించారని చెబుతారు. ఆ చర్చ దేశాధినేతకూ ఖాజీకీ సంబంధించినది. దానిని తెచ్చి స్టాఫ్ నర్సుకూ, పంతులమ్మకూ, బ్యాంకు గుమాస్తాకూ, ఇంజనీరుకూ తగిలించడానికి ఆధారం లేదు. అయినా సంభాషణలలో ఎక్కువగా జరుగుతున్నది అదే.

ప్రవక్త కాలపు సమాజం ఎలా ఉండేదో గుర్తు చేసుకొంటే ఇది మరింత తేటపడుతుంది. హజ్రత్ ఖదీజా (రజి) సరుకులను సిరియాకు పంపే వర్తకురాలు. ఆమె ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని తన వ్యాపారానికి ఎంచుకొన్నది ఆయన నిజాయితీని విని. ఇతరులకు ఇచ్చేదానికంటే ఎక్కువ ప్రతిఫలమూ ఇవ్వజూపినది. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్‌ను మస్జిదు ఆవరణలో రుఫైదా అనే ఆమె గుడారానికి చేర్చి వైద్యం చేయించారు. హజ్రత్ ఉమ్మె అతియా (రజి) ఏడు యుద్ధాలలో క్షతగాత్రులకు సేవ చేసినది. హజ్రత్ జాబిర్ (రజి) పినతల్లి తలాక్ అనంతరం ఇద్దత్ కాలంలో తన ఖర్జూరపు పండ్లు కోసుకొనడానికి బయలుదేరితే ఒకతను అడ్డుపెట్టాడు. ఆమె ప్రవక్తకు విన్నవించుకోగా, వెళ్ళి కోసుకోమని ఆయన అనుమతించారు. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో షిఫా బిన్త్ అబ్దుల్లాహ్‌కు మదీనా బజారు వ్యవహారం అప్పగించారన్న ఉల్లేఖనం కూడా ప్రసిద్ధమే. ఇబ్నె హజ్మ్ దానిని పేర్కొన్నారు. మాలికీ పండితుడు ఇబ్నుల్ అరబీ దానిని నిరాకరించారు. ఒప్పుకోని ఉల్లేఖనాన్ని విడిచిపెట్టినా మిగిలినవే చాలు. షిఫా చదువూ వ్రాతా నేర్చిన స్త్రీ అనీ, హజ్రత్ హఫ్సా (రజి)కు వ్రాత నేర్పినదనీ మాత్రం హదీసు గ్రంథాలలో ఉన్నది.

గని లోపలికి దారి

ఈ సూత్రం ఆచరణలో ఎలా చిక్కుపడుతుందో భూపాలపల్లిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పట్టణం సింగరేణి బొగ్గు మీద పెరిగినది. కె.టి.కె. అని పిలిచే భూగర్భ గనులూ, ఓపెన్‌కాస్టు గనులూ, దగ్గరలో చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమూ అక్కడి జీవనాధారాలు. 1886లో లండను పెట్టుబడితో హైదరాబాద్ (దక్కన్) కంపెనీగా మొదలై, 1920లో సింగరేణి కాలరీస్‌గా పేరు మార్చుకొన్న ఈ సంస్థలో నేడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది.

బొగ్గు గనులలో స్త్రీలు లేకపోవడం అనాది ఆచారమని చాలమంది అనుకొంటారు. అది నిజం కాదు. బ్రిటిష్ ఇండియాలోని బొగ్గు గనులలో భర్త బొగ్గు తవ్వితే భార్య తట్టలతో మోసేది. 1929లో వచ్చిన నిబంధనలతో స్త్రీలను క్రమంగా భూగర్భం నుంచి బయటికి పంపారు. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ భూగర్భంలో స్త్రీల పనిని నిషేధిస్తూ ఒడంబడిక చేసినది. రెండవ ప్రపంచ యుద్ధంలో బొగ్గు అవసరమై 1943లో నిషేధాన్ని ఎత్తివేశారు. యుద్ధం ముగిశాక 1946లో మళ్ళీ విధించారు. ప్రభుత్వానికి బొగ్గు కావలసి వచ్చినప్పుడు స్త్రీల క్షేమం అడ్డురాలేదన్నమాట. స్వతంత్ర భారతంలో 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షను ఆ నిషేధాన్ని స్థిరపరచినది. భూగర్భంలో స్త్రీలను పనికి పెట్టరాదు. భూమి పైన కూడా ఉదయం 6 గంటలకూ సాయంత్రం 7 గంటలకూ మధ్యనే పెట్టాలి.

ఈ చట్టం స్త్రీల క్షేమం కోరి చేసినదే, అందులో సందేహం లేదు. దాని ఫలితం మాత్రం పని కాఠిన్యం నుంచి రక్షణతో ఆగలేదు. గనిలో పైకి ఎదిగే మెట్లు వేరు. అక్కడ ఓవర్‌మాన్, రెండవ తరగతి మేనేజరు, మొదటి తరగతి మేనేజరు అనే అర్హతా పత్రాలు ఉంటాయి. పరీక్ష వ్రాయాలంటే భూగర్భంలో ఇన్నేళ్ళు పనిచేసిన అనుభవం చూపాలి. లోపలికి అడుగుపెట్టనివ్వనప్పుడు అనుభవం ఎక్కడిది? అనుభవం లేనప్పుడు పత్రం ఎక్కడిది? పత్రం లేని మనిషికి ప్రమోషన్ ఎలా వస్తుంది? ఆ తర్వాత, అర్హులైన ఆడవారు దొరకలేదని వ్రాసుకోవడం తేలిక. తలుపు మూసి, లోపల ఎవరూ లేరని చెప్పినట్టు.

2019 జనవరి 29న కేంద్ర ప్రభుత్వం ఈ తలుపును కొంత తెరచినది. ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు సాంకేతిక, పర్యవేక్షక, యాజమాన్య స్థాయి పనులలో స్త్రీలు భూగర్భంలోకి దిగవచ్చునన్నారు. భూమి పైన, ఓపెన్‌కాస్టు గనులతో సహా, రాత్రి వేళ కూడా పనిచేయవచ్చునన్నారు. అయితే అందుకు ఆమె వ్రాతపూర్వకమైన సమ్మతి ఉండాలి. ఒక షిఫ్టులో కనీసం ముగ్గురు స్త్రీలను నియమించాలి. వసతి, భద్రత యజమాని ఏర్పాటు చేయాలి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక నియమావళులు, స్త్రీలను వారి సమ్మతితో అన్ని సంస్థలలోనూ, అన్ని పనులలోనూ, రాత్రి వేళ కూడా నియమించవచ్చునని చెబుతున్నాయి.

ఈ షరతులు ముస్లిం పాఠకులకు కొత్తగా తోచవు. పరపురుషునితో ఏకాంతంలో ఉండరాదన్న ఖల్వత్ నియమం ఫిఖ్హ్‌లో ఉన్నది. ఒంటరిగా గాక ముగ్గురు కలిసి ఉండాలనడం, సమ్మతి లేకుండా పంపరాదనడం దానికి దగ్గరి మాటలే. భేదం ఒక్కచోటనే ఉన్నది. మర్యాద కాపాడే ఏర్పాటు ఎవరి బాధ్యత? ఏర్పాటు కష్టం కాబట్టి స్త్రీని తీసుకోనక్కరలేదని యజమాని అంటే, తాను చేయవలసిన పని బరువును ఆమె నెత్తిన పెట్టినట్టు అవుతుంది. మరుగుదొడ్డి లేదు, విశ్రాంతి గది లేదు, చీకటి పడ్డాక ఇంటికి చేర్చే బస్సు లేదు — ఇవి సంస్థలోని లోపాలు. అభ్యర్థిని అర్హతలో లోపాలుగా వాటిని లెక్కించడం న్యాయం కాదు.

తలుపు తెరచిన తర్వాత ఏమి జరిగినదన్నదానికి భూపాలపల్లి ప్రాంతమే ఒక సాక్ష్యం. అక్కడి బొగ్గు కార్మిక కుటుంబంలో పుట్టి, కొత్తగూడెంలో మైనింగ్ ఇంజనీరింగ్ చదివిన రాసకట్ల సంధ్య రెండవ తరగతి మేనేజరు అర్హతా పత్రం సంపాదించి, రాజస్థాన్‌లో హిందూస్థాన్ జింక్ వారి భూగర్భ గనికి మేనేజరు అయినది. 2021లో జార్ఖండ్‌లో ఆకాంక్ష కుమారి అనే ఇంజనీరు కోల్ ఇండియా భూగర్భ గనిలో చేరిన తొలి స్త్రీ అయినది. సింగరేణి కూడా ఇటీవల స్త్రీలకు గని రక్షణ దళంలో శిక్షణ ఇప్పిస్తున్నది. ఆ నైపుణ్యం ఒక్క రాత్రిలో పుట్టినది కాదు. ఆ ఊళ్ళలో అంతకుముందు కూడా అలాంటి అమ్మాయిలు ఉండే ఉంటారు. వారి పేర్లు తెలియకుండా పోయాయి.

సింగరేణి విషయంలో మరొక ముడి కూడా ఉన్నది. అవి వారసత్వ ఉద్యోగాలు. కార్మికుడు పనికి అశక్తుడైతే అతని కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి చాలకాలం సాగినది. 2016 చివర ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని, సమానావకాశాలకు సంబంధించిన రాజ్యాంగం 14, 16 అధికరణాలకు విరుద్ధమని 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసినది. తర్వాత వైద్యపరంగా అశక్తులైనవారి కుటుంబాలకు కారుణ్య నియామకాలు అన్న పద్ధతి వచ్చినది. ఇబ్నె తైమియా లెక్క ప్రకారం బంధుత్వం అర్హత కాజాలదు. అయితే గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకొన్న మనిషి ఇంటిని సంస్థ గాలికి వదలివేయడమూ ధర్మం కాదు. పోషణ ఒక హక్కు, ఉద్యోగం ఒక అమానతు. మొదటిదానికి పరిహారం, పింఛను దారులు. రెండవదానికి అర్హత దారి. రెండింటినీ ఒకే కాగితం మీద కలిపితే చిక్కు తప్పదు. ఆ చిక్కులో ఎక్కువగా నష్టపోయేది ఆ ఇంటి ఆడపిల్లే. కొడుకు ఉంటే కొడుకు, లేకుంటే అల్లుడు అని పెద్దలు మొదట తలచేది, పి.జి. చదివిన కూతురు ఇంట్లోనే ఉన్నా ఆమె పేరు చివరకు వస్తుంది.

కూలి ఎవరి అవసరాన్ని బట్టి?

నియామకం తర్వాత వచ్చేది జీతం. ఇక్కడ ఒక వాదం తరచుగా వినిపిస్తుంది. కుటుంబ పోషణ, అనగా నఫఖా, షరీఅత్ ప్రకారం పురుషుని బాధ్యత. కాబట్టి పురుషునికి ఉద్యోగమూ ఎక్కువ అవసరమే, జీతమూ ఎక్కువ ఉండాలి అన్నది ఆ వాదం. పైకి ధర్మబద్ధంగా తోచే ఈ మాట ఇజారా అధ్యాయం ముందు నిలవదు. ఫిఖ్హ్‌లో ఇజారా అంటే ఒక ప్రయోజనాన్ని ప్రతిఫలానికి అమ్మడం. కూలి ఆ ప్రయోజనానికి వెల. కూలివాని ఇంట్లో ఎందరు ఉన్నారన్నదానితో ఆ వెలకు సంబంధం లేదు. ఒప్పందంలో కూలి నిర్ణయం కాకపోతే ‘ఉజ్రతుల్ మిస్ల్’ ఇవ్వాలంటారు, అనగా అటువంటి పనికి బజారులో నడుస్తున్న కూలి. పది మంది పిల్లలున్న దర్జీకీ పెళ్ళికాని దర్జీకీ ఒకే చొక్కా కుట్టినందుకు ఒకే కూలి. ఇందులో ఎవరికీ సందేహం రాదు. కుట్టినది స్త్రీ అయినప్పుడు మాత్రం సందేహం ఎందుకు రావాలి?

స్త్రీ కూలిని దివ్య ఖుర్ఆన్ పేరుపెట్టి చెప్పిన చోటు కూడా ఉన్నది. అత్తలాఖ్ సూరా 6వ ఆయత్‌లో, విడాకులు పొందిన తల్లి బిడ్డకు పాలిస్తే ఆమెకు దాని ప్రతిఫలం చెల్లించమని ఆదేశం ఉన్నది. కన్నబిడ్డకు పాలివ్వడానికే కూలి నిర్ణయమైతే ఇతర పనుల సంగతి చెప్పనక్కరలేదు. అన్నిసా సూరా 32వ ఆయత్ పురుషులు సంపాదించినది పురుషులకూ, స్త్రీలు సంపాదించినది స్త్రీలకూ చెందుతుందని చెబుతుంది. ఆమె జీతం ఆమెదే. ఇంటి ఖర్చుకు పెట్టడం ఆమె ఔదార్యం. ఉద్యోగానికి పంపడానికి వెనుకాడిన ఇల్లే, జీతం వచ్చే రోజున ఆ డబ్బును తమదిగా భావించడం విచిత్రం.

మహబూబాబాద్, కేసముద్రం ప్రాంతాలలో మిరప పంట కాలం వస్తే కాయలు ఏరేది ఎక్కువగా ఆడవారే. బస్తాలు మోసేది మగవారు. రెండు పనులు వేరు కాబట్టి కూలి వేరన్నది ఒక మాట. కాని ఎండలో వంగి రోజంతా మిరప ఏరడం తేలిక పని అని ఎవరు తేల్చారు? చేతులు మండుతూ చేసే పనిని ‘ఆడవాళ్ళ పని’ అన్న పేరు పెట్టి వెల తగ్గించడం వల్లనే అది తేలికగా తోస్తుంది. సమాన వేతనాల చట్టం భారతదేశంలో 1976లో వచ్చినది. ఒకే పనికీ, ఒకే స్వభావం గల పనికీ స్త్రీపురుషులకు సమాన వేతనం ఇవ్వాలనీ, నియామకాలలో భేదం చూపరాదనీ అన్నది. 1987లో దానికి సవరణ చేసి ప్రమోషన్లు, శిక్షణ, బదిలీలను కూడా చేర్చారు. ఆ సంవత్సరమే మెకినన్ మెకంజీ కేసులో, స్త్రీ స్టెనోగ్రాఫర్లకు పురుషులకంటే తక్కువ ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టినది. కార్మిక సంఘంతో ఒప్పందం కుదిరినదన్న సాకు చెల్లదన్నది. నేడు ఆ చట్టం 2019 నాటి వేతన నియమావళిలో కలిసిపోయింది.

ఈ సందర్భంలో ముస్లిం యాజమాన్యాల పాఠశాలలను కూడా విడిచిపెట్టరాదు. చిన్న పట్టణాలలో అవి నడుస్తున్నవంటే అధికభాగం టీచరమ్మల వల్లనే. అంత చదువూ, అంత అనుభవమూ ఉన్న మాస్టరుకు ఇచ్చే జీతం వారికి ఎందుకు రాదని అడిగితే, వారికి ఇల్లు గడిపే భారం లేదు గదా అన్న జవాబు వస్తుంది. ఇది సేవ అన్న మాట కూడా జోడిస్తారు. సేవ చేయడం ఆమె ఇష్టం. ఉజ్రతుల్ మిస్ల్ చెల్లించడం యాజమాన్యం విధి.

ప్రతిభా, రిజర్వేషనూ

జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ గ్రంథాలయాలలో పోటీ పరీక్షలకు చదివే యువకుల నోట వినిపించే మాట మరొకటి ఉన్నది: స్త్రీలకు రిజర్వేషన్ ఇస్తే ప్రతిభ ఏమి కావాలి? ఈ వాదం ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళినది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, 1984లో, రాష్ట్ర సర్వీసు నిబంధనలలో 22-ఎ అన్న నియమం చేర్చారు. స్త్రీపురుషులు ఇద్దరూ సమానంగా తగిన ఉద్యోగాలలో, ఇతర విషయాలన్నీ సమానమైనప్పుడు, కనీసం 30 శాతం మేరకు స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది దాని సారం. పి.బి. విజయకుమార్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని సమర్థించినది. స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి రాజ్యాంగం 15(3) అధికరణం ఇచ్చే అధికారంలో ఉద్యోగాలు కూడా చేరుతాయన్నది. తర్వాత ఆ వాటా మూడింట ఒక వంతు అయినది.

ఈ వాటా లెక్కించే తీరు తెలియకనే చాల అపోహలు పుట్టాయి. స్త్రీల వాటా అడ్డంగా పోయే వాటా. ఓపెన్ కేటగిరీలోనూ, ప్రతి రిజర్వుడు వర్గంలోనూ లోపల అది లెక్కకు వస్తుంది. ఉదాహరణకు 2007 చట్టం ద్వారా ముస్లింలలోని కొన్ని వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం వచ్చినది. ఆ వర్గానికి తొమ్మిది పోస్టులుంటే, మార్కుల వరుసలో ఎంపికైన తొమ్మిది మందిలో ఇప్పటికే ముగ్గురు స్త్రీలు ఉంటే వాటా నిండినట్టే. తక్కువైతేనే కింది వరుసలోని స్త్రీలను పైకి తెస్తారు. బి.సి.-ఇ అమ్మాయి మార్కుల బలం మీద ఓపెన్ కేటగిరీలో ఎంపికైతే, ఆమెను బి.సి.-ఇ పోస్టులో లెక్కించరు. ఆ పోస్టు మరొకరికి మిగులుతుంది. 2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఈ సంగతే. ఉత్తరప్రదేశ్‌లో ఓపెన్ కేటగిరీ స్త్రీల పోస్టులకు ఎంపికైనవారికంటే ఎక్కువ మార్కులు వచ్చిన వెనుకబడిన వర్గాల స్త్రీలను పక్కన పెట్టారు. ప్రతిభను తొక్కినది అక్కడ రిజర్వేషన్ కాదు, దాన్ని తప్పుగా లెక్కించిన అధికారులు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి ఉత్తర్వులతో, రోస్టరులో స్త్రీలకు ప్రత్యేక స్థానాలు గుర్తించే పద్ధతి మాని అడ్డవాటా లెక్కనే అమలు చేస్తున్నారు. దీనివల్ల స్త్రీలకు లాభమా నష్టమా అన్న వాదం సాగినది. చదువుకొనే అమ్మాయిలు ఈ లెక్క తెలుసుకొని ఉండడం మంచిది. తమ ర్యాంకు చూసుకొని ఎందుకు రాలేదని అడగడానికి అదే ఆధారం.

నియామకం ఒక మెట్టు అయితే ప్రమోషన్ రెండవది. అక్కడ లెక్క పైకి కనిపించదు. భారత విదేశాంగ సర్వీసులో తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. స్త్రీ అయినందుకే తనకు పై హోదా నిరాకరించారని ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళినది. పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలన్న నియమం ఆనాడు స్త్రీ అధికారులకు ఉండేది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను తీవ్రంగా విమర్శించారు.

చిన్న ఊళ్ళలో అటువంటి నిబంధన కాగితం మీద ఉండదు. జనగామ వంటి చోట, రైలు దారి మీద ఉన్న ఊరు కాబట్టి వరంగల్, హైదరాబాద్ నుంచి ఉద్యోగులు రోజూ వచ్చిపోతూ ఉంటారు. అక్కడ పనిచేసే ఒక స్త్రీకి ప్రమోషన్ మీద ఏజెన్సీ మండలానికి వేస్తే, ఇంట్లో చిన్నపిల్లలను చూసుకొని ఆమె ప్రమోషన్ వద్దని వ్రాసి ఇస్తుంది. కాగితంలో అది ఆమె స్వంత నిర్ణయం. కాన్పు సెలవు అయి వచ్చిన మనిషికి ముఖ్యమైన ఫైళ్ళు ఇవ్వకపోవడం, శిక్షణకు పంపకపోవడం మరొక తీరు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ సెలవును 26 వారాలకు పెంచినది. సెలవు హక్కు అయినప్పుడు దానిని వాడుకొన్నందుకు మనిషిని వెనక్కి నెట్టడం హక్కును ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో లాగుకొన్నట్టే. ఆలి ఇమ్రాన్ సూరా 195వ ఆయత్‌లో, పని చేసినవారు పురుషులైనా స్త్రీలైనా వారి కృషిని వ్యర్థం కానివ్వనని అల్లాహ్ ఇచ్చిన హామీ పరలోక ప్రతిఫలానికి సంబంధించినదే. దానిని చదివే ముస్లిం అధికారి తన కింద పనిచేసే స్త్రీ నివేదికలో ఇహలోకపు కృషిని తగ్గించి వ్రాయడం ఎలా సమర్థించుకొంటాడో తెలియదు.

ఇక ఇంటి విషయం. ఉద్యోగానికి వెళ్ళడం, ఎంత దూరం వెళ్ళడం, పిల్లల ఏర్పాటు — ఇవి భార్యాభర్తలు, తండ్రీకూతుళ్ళు సంప్రదించుకొని తేల్చుకోవలసినవి. బిడ్డ పాలు మాన్పించే విషయంలో సైతం ఇద్దరి సమ్మతి, సంప్రదింపు ఉండాలని అల్ బఖరా సూరా 233వ ఆయత్ చెబుతున్నది. ఆ సంప్రదింపులో యజమానికి గాని, ఎంపిక సంఘానికి గాని చోటు లేదు. అయినా ఇంటర్వ్యూలలో పెళ్ళి ఎప్పుడు, భర్త ఒప్పుకొంటాడా, పిల్లలను ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలు అమ్మాయిలకే వస్తాయి. పక్కన కూర్చున్న అబ్బాయిని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. మహబూబాబాద్ వైద్య కళాశాల ఆసుపత్రిలో నర్సు కావాలన్నా, భూపాలపల్లి గనిలో ఇంజనీరు కావాలన్నా, మద్‌యన్ ఇంటి ఆడబిడ్డ తన తండ్రికి చెప్పిన రెండు గుణాలనే ఎంపిక సంఘం అడగవలసి ఉన్నది. మూడవ ప్రశ్న ఆ జాబితాలో లేదు.